మేడ బడి టీచరక్క చేతిరాతను ఫాంటుగా చేయాలనుంది – వత్తులు దొరకడం లేదు, సాయం చేయండి

రాయపేట డీటీపీ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ ఇక్కడ మీరు రాసినవి చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప నేనుగా ఏదీ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

చెన్నై కొళత్తూరులో ఆదివారం ఆదివారం మేడ మీద పిల్లలకి తెలుగు చెప్పిన టీచరక్క మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నాకు ముప్ఫై ఏళ్ళ నేస్తం. రాయపేటలో ఒకే ప్రెస్సులో ఒకే నెలలో పనికి చేరాం. తను ప్రూఫులు దిద్దేది, నేను కంపోజింగ్. వచ్చే ఆషాఢానికి తను పోయి ఏడాది. సంవత్సరీకం నాడు ఫొటోకి దండ వేసి, భోజనం చేసి ఇంటికి వచ్చేయడానికి నాకు మనసొప్పడం లేదు.

2006 చట్టంతో ఇక్కడి బళ్ళలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం వద్దని తను ఏనాడూ అనలేదు. "ఊరి భాష రాకపోతే ఎలా? అది బళ్ళో నేర్చుకోండి, ఇది మేడ మీద నేర్చుకోండి" అనేది. అలా మొదలుపెట్టి పదిహేడేళ్ళు చెప్పింది. అచ్చు పుస్తకం వాడలేదు. శనివారం రాత్రి కూర్చుని ఏ పిల్లకి ఏ అక్షరం తడబడుతోందో ఆ అక్షరాలతోనే ఆ పిల్లకి దిద్దుకునే కాగితం చేత్తో రాసేది. నల్ల బాల్‌పెన్నుతో అక్షరం, ఎర్ర సిరా పెన్నుతో వత్తు. వరస విడిచి వరస రాసేది. "వత్తులకి కింద ఇల్లుండాలే" అనేది నాతో.

ఇప్పుడు ఆ బడి తన దగ్గర చదువుకున్న పిల్లలే నడుపుతున్నారు. కాగితాలు కంప్యూటర్‌లో కొట్టి ఇస్తున్నారు. నేను చూశాను, బాగానే ఉన్నాయి, కానీ అవి ఎవరివో అక్షరాలు. తన చేతిరాతే ఫాంటైతే ఆ కాగితాలు మళ్ళీ తనే రాసినట్టు ఉంటాయి కదా అనిపించింది.

చిక్కు ఏమిటంటే, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వాళ్ళ కింది ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. నోటుబుక్కులన్నీ తడిశాయి. ఒళ్ళు బాగాలేకపోయినా వాటిని తనే విప్పి, ఒక్కొక్క కాగితం మేడ మీద దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేసింది. బాల్‌పెన్ను నిలిచింది. ఎర్ర సిరా కరిగిపోయింది. అంటే అక్షరాలున్నాయి, వత్తులు లేవు. వత్తులు లేని తెలుగు ఫాంటు ఏం చేసుకోను?

మీ ఇళ్ళలో తన చేతిరాత ఏ రూపంలో ఉన్నా చెప్పండి.

పెరంబూరు ప్యాసింజర్ | ఆదివారం రాత్రి 10:03

అమ్మా, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా మనవరాలు నాలుగేళ్ళు ఆ మేడ ఎక్కింది. నేను ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషిని. పిల్లని దింపి, అక్కడే మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. మొదటి రోజు మా పిల్ల 'కద', 'గద', 'కథ', 'గధ' అన్నీ ఒకేలా చదివింది. తమిళంలో క, గ, ఖ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం కదా, అలవాటు అది. టీచరమ్మ కోప్పడలేదు. పిల్ల అరచేతిని నోటి ముందు పెట్టించి, 'కథ' అనమంది. 'థ' అన్నప్పుడు గాలి చేతికి తగిలింది. "ఆ గాలే ఈ కింది గీత" అని 'థ' కింద ఒత్తు గీసి చూపించింది. నాకు అరవై దాటాక తెలిసిందమ్మా, ఆ గీత ఎందుకుందో.

ఇంట్లో వెతికిస్తాను. కాగితాలు ఉండాలి.

వలపలగిలక | ఆదివారం రాత్రి 11:40

నమస్తే అక్కా. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రుళ్ళు ఫాంట్లు చేసే పిచ్చి నాది. ఈ పని నేను చేసిపెడతాను. డబ్బు మాట ఎత్తకండి.

ముందు భయం పోవడానికి ఒక లెక్క. 35 హల్లులకి 12 గుణింతపు గుర్తులు వేసుకున్నా 420 రూపాలు, వత్తులు వేరే. అవన్నీ ఆవిడ రాసినవి దొరకాలంటే ఎవరి తరమూ కాదు. దొరకనక్కర్లేదు కూడా. మనకి కావలసినవి ముక్కలు: తలకట్టు ఉన్న హల్లు, తలకట్టు లేని హల్లు, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం ఇలా. 'కి' ఉంటే అందులోంచి గుడి తీసుకుని 'గి'కి కూర్చవచ్చు. ఫాంట్లు చేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్‌లో కూర్పు నేను చూసుకుంటాను.

అలా కుదరనివి కొన్ని ఉన్నాయి. వాటికి ఆవిడ రాసినవే కావాలి:
'పు', 'వు' – కొమ్ము పక్కన కాకుండా కిందనుంచి తిరుగుతుంది.
'మొ', 'యొ' – మిగతా హల్లుల్లా కుదరవు.
'హా', 'క్ష', 'శ్రీ'.
క, త, న, మ, య, ర, ల, వ వత్తులు – వీటి రూపం అసలు అక్షరానికి వేరుగా ఉంటుంది. మిగతా వత్తులు తలకట్టు తీసేసి చిన్నగా రాస్తే సరిపోతాయి.

ఇంకొకటి. మీరు పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లకి అలవాటు పడి ఉంటారు. ఇది మాత్రం యూనికోడ్‌లోనే చేద్దాం. అప్పుడే బడి నడిపే పిల్లలు ఫోన్లో టైపు చేసినా ఆవిడ రాతలో వస్తుంది.

అచ్చుతప్పు | సోమవారం ఉదయం 6:25

మంచి పని. వావిళ్ళ వారు 1854లో ప్రెస్సు పెట్టిన ఊరు ఇది. తెలుగు అక్షరం సీసంలో పోత పోసుకుని ఇక్కడి నుంచే ఊరూరా వెళ్ళింది. బాపు గారు ఉన్నదీ ఈ ఊళ్ళోనే, ఆయన చేతిరాత ఫాంటైంది. మీ నేస్తానిదీ కావచ్చు, ఎందుక్కాకూడదు.

ఒక్క మాట. ఆవిడ ప్రూఫ్‌రీడరు. తప్పు కంటికి ఆనితే నిద్రపోని జాతి మాది. ఆమె పేరున వచ్చే ఫాంటులో వత్తు జారినా, దీర్ఘం విరిగినా ఆమెకి అవమానం. చేతిరాత అంటే వంకరటింకరలు ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, గీతలు సమం చేసి విడుదల చేయండి.

రాయపేట డీటీపీ | సోమవారం రాత్రి 8:50

వలపలగిలక గారూ, మీ మాట చదివాక అన్నం సహించింది. థాంక్స్ అన్న మాట చిన్నదే, అయినా థాంక్స్.

ఇవాళ మధ్యాహ్నం రెండు నోటుబుక్కులు పట్టుకుని ఒక జిరాక్సు కొట్టుకి వెళ్ళాను. పేరెందుకులెండి. ఎలా చేయాలో దగ్గరుండి చెప్పాను. అయినా ఆ అబ్బాయి బ్లాక్ అండ్ వైట్‌లో, తక్కువ సైజులో, ఎనభై పేజీలూ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చి చూస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఎర్ర వత్తుల మరకలు కొంచెమైనా ఉండేవి, అవి పూర్తిగా తెల్లబడ్డాయి. పైగా బైండు విప్పి పేజీలు చింపాడు. అది చూసి ఏడుపొచ్చింది.

వలపలగిలక | సోమవారం రాత్రి 9:15

అక్కా, కంగారు పడకండి. స్కాన్ పోయింది గానీ కాగితం పోలేదు. విడిపోయిన పేజీలు వరస తప్పకుండా పెన్సిలుతో నంబర్లు వేసి, మధ్యలో తెల్ల కాగితం పెట్టి బరువు కింద ఉంచండి. ఇక ఏ కొట్టుకీ ఇవ్వకండి. నా దగ్గర ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది, శనివారం తెస్తాను. 600 డీపీఐ, కలర్‌లోనే చేయాలి.

కలర్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, 'మరకలు కొంచెమైనా ఉండేవి' అన్నారు చూడండి, అక్కడే ఉంది కిటుకు. ఎర్ర సిరా ఎంత వెలిసినా ఆకుపచ్చ కాంతిని కొంత పీల్చుకుంటుంది. కలర్ స్కాన్‌ని ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా విడగొట్టి, ఆకుపచ్చ పొర ఒక్కటీ చూస్తే, మన కంటికి లేత గులాబీగా ఉన్నది అక్కడ బూడిద రంగు గీతగా తేలుతుంది. నల్ల బాల్‌పెన్ను మూడు పొరల్లోనూ నల్లగానే ఉంటుంది కాబట్టి అక్షరం, వత్తు దేనికది విడిగా పట్టుకోవచ్చు. నీళ్ళలో పూర్తిగా కొట్టుకుపోయినవి రావు. మరక మిగిలినవి వస్తాయి.

కొరట్టూరు అమ్మ | మంగళవారం మధ్యాహ్నం 2:30

మా ఫ్రిజ్ మీద ఇంకా ఉంది అండీ ఆవిడ రాసిన కాగితం. మా వాడికి 'వు'కీ 'పు'కీ తేడా తెలిసేది కాదు. "పువ్వు, పుట్ట, పులుపు, పులి, వులి కాదు పులి" అని అడ్డంగా రాసి ఇచ్చారు. ఎర్ర సిరా చెక్కు చెదరలేదు, మాది మూడో అంతస్తు. ఫొటో పంపనా, కాగితమే తెచ్చివ్వనా?

ఒక సందేహం అడగవచ్చో లేదో. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా? రేపు ఎవరో ఈ అక్షరాలతో బట్టల కొట్టు బోర్డు పెట్టుకుంటే వాళ్ళకి కష్టంగా ఉండదూ?

వలపలగిలక | మంగళవారం రాత్రి 10:10

అడగాల్సిన ప్రశ్నే అమ్మా. కాగితమే కావాలి, శనివారం తేగలిగితే మేలు. 'వులి కాదు పులి' దొరికిందంటే నా పని సగం అయినట్టే.

హక్కు సంగతి: మన చట్టం ప్రకారం రాసిన మనిషి పోయాక 60 ఏళ్ళ దాకా ఆ రాతలమీద హక్కు వారసులది. కాబట్టి వాళ్ళు కాగితం మీద రాసిస్తే గానీ నేను ఫైలు బయట పెట్టను. బయట పెట్టినా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద పెడతాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫాంటునొక్కదాన్నీ విడిగా అమ్ముకోకూడదు. మార్చినవాళ్ళు అదే పేరు పెట్టుకోకుండా పేరు మనం అట్టిపెట్టుకోవచ్చు. బట్టల కొట్టు బోర్డు మాత్రం ఆపలేం. అది ముందే తెలిసి ఒప్పుకోవాలి.

మేడ ఇంటాయన | బుధవారం రాత్రి 9:35

నమస్కారం. ఇందులో రాయడం ఇదే మొదలు. మా అమ్మాయి పక్కన కూర్చుని చూపిస్తోంది.

మీరందరూ రాసినది చదివాను. పర్మిషన్ కాగితం రాసి, సంతకం పెట్టి, నేనూ మా అమ్మాయీ ఇస్తాం. బట్టల కొట్టు వాడు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. తెలుగు బోర్డు పెట్టినవాణ్ణి తను ఏమీ అనేది కాదు. వీధిలో ఎక్కడ తెలుగు అక్షరం కనబడినా ఆగి చదివేది, తప్పుంటే లోపలికి వెళ్ళి చెప్పి వచ్చేది.

ఇంట్లో ఉన్నవన్నీ తీసుకువెళ్ళండి. క్యాలెండర్ వెనక రాసిన పద్దులు, పాలవాడి లెక్కలు, ఉత్తరాలు అన్నీ. ఒక్క చీటీ మాత్రం ఇవ్వలేను. చివరిసారి ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు రాసిన సరుకుల చీటీ. చింతపండు అరకిలో, కందిపప్పు కిలో, ఆఖరున 'మీ బీపీ మాత్రలు' అని ఉంటుంది. అది నా కళ్ళజోడు పెట్టెలో ఉంది. ఏమీ అనుకోవద్దు.

వలపలగిలక | బుధవారం రాత్రి 9:52

అది మీదండీ. దాని జోలికి మేము రాము.

రాయపేట డీటీపీ | శనివారం రాత్రి 10:45

ఇవాళ కొళత్తూరులో ఏడుగురం కూడాం. ఉదయం నుంచి సాయంత్రం దాకా స్కానింగే. ఆకుపచ్చ పొరలో మొదటి పేజీ తెరిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. 'అమ్మ' అన్న మాట. పైన రెండు నల్ల అక్షరాలు, కింద ఖాళీ. వలపలగిలక గారు ఏదో నొక్కారు. ఆ ఖాళీలోంచి మ వత్తు నెమ్మదిగా పైకి వచ్చింది. తోక కుడి వైపు కొంచెం పైకి ఎగిరి ఆగుతుంది, తను అలాగే రాసేది. ప్రూఫుల మార్జిన్‌లో అలాంటివి నేను వేలల్లో చూశాను.

మొత్తం మీద వత్తులు చాలావరకు వచ్చాయి. ఇంకా దొరకనివి: ఝ, ఱ, క్ష్మ. అక్షరమాల చార్టులో ఉండేవి గానీ ఆ చార్టు పూర్తిగా పేస్టయిపోయింది.

ఇంకో సంగతి తేల్చుకోలేక ఇక్కడ పెడుతున్నాను. తన రాతలు రెండు రకాలుగా ఉన్నాయి. జబ్బుకి ముందువి నిలకడగా ఉన్నాయి. కీమో మొదలయ్యాక వేళ్ళు మొద్దుబారాయి, పెన్ను పట్టు తెలిసేది కాదు. ఆ రెండేళ్ళ కాగితాల్లో ప్రతి గీతా వణికి ఉంటుంది. ఏది ఫాంటు చేయాలి?

అచ్చుతప్పు | ఆదివారం ఉదయం 6:10

ఇందులో ఆలోచించేదేముంది? నిలకడగా ఉన్నదే. జబ్బుని అచ్చు వేయకూడదు.

పెరంబూరు ప్యాసింజర్ | ఆదివారం ఉదయం 7:40

నాకు అలా అనిపించడం లేదు సార్. మా మనవరాలికి రాసిన ఆఖరి కాగితాలు వణికినవే. ఆ స్థితిలో కూడా శనివారం రాత్రి కూర్చుని రాసింది మహాతల్లి. ఆ వణుకు తుడిచేస్తే ఆమె పడ్డ కష్టమంతా తుడిచేసినట్టు కాదూ?

వలపలగిలక | ఆదివారం ఉదయం 9:05

పని పరంగా చెప్పాలంటే రెండూ పెట్టవచ్చు. ఒకే ఫాంటులో మామూలుగా నిలకడ రూపం వచ్చేలా, ఒక సెట్టింగ్ మారిస్తే వణికిన రూపం వచ్చేలా చేయగలను. కానీ చేయగలం కదా అని చేయాలా అన్నది నేను తేల్చేది కాదు.

'శుభ్రం చేయడం' గురించి మాత్రం అచ్చుతప్పు గారితో నేను ఒప్పుకోను. ఆవిడ 'ళ' ఎడమకి ఒరుగుతుంది. 'క' తలకట్టు విడిగా, కొంచెం గాలిలో ఉంటుంది. అవి సరిదిద్దితే మిగిలేది ఇంకో మామూలు ఫాంటు. అలాంటివి చాలా ఉన్నాయి.

మేడమీది పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 1:20

ఇవాళ క్లాసు అయ్యాక చదివాను. ఇప్పుడు బడి నడుపుతున్న ఇద్దరిలో నేనొకదాన్ని. ఏడో ఏట ఆ మేడ ఎక్కాను.

టీచరక్క చివరి ఆరు నెలలు బోర్డు మీద రాయలేదు. నాతో రాయించేది. కుర్చీలో కూర్చుని 'తలకట్టు ఇంకొంచెం కిందికి, కొమ్ము తోక చాలు' అని చెబుతుంటే నేను రాసేదాన్ని. ఒకసారి అడిగాను, మీరే రాయండక్కా, పిల్లలకి మీ రాతే ఇష్టం అని. "నా వణుకు పిల్లల చేతికి అంటకూడదే. చిన్న చేతులు చూసిందల్లా నేర్చేసుకుంటాయి" అంది. కాగితాలు మాత్రం చివరిదాకా రాసింది. అవీ ఎలా రాసేదో తెలుసా, ఒక్కో మాట నాలుగైదు సార్లు రాసి, ఉన్నవాటిలో మంచిది పిల్లకి ఇచ్చి, మిగతావి చింపేసేది. పెరంబూరు తాతగారూ, మీ పాప దగ్గర ఉన్నవి అలా ఏరి ఇచ్చినవే.

పెరంబూరు ప్యాసింజర్ | ఆదివారం మధ్యాహ్నం 1:45

అమ్మా, ఇది తెలియదు నాకు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కాగితాలు లామినేషన్ చేయించి మా ఇంట్లోనే ఉంచుకుంటాం.

రాయపేట డీటీపీ | ఆదివారం మధ్యాహ్నం 2:30

అయితే తేలిపోయింది. ఫాంటుకి నిలకడ రాతే. పిల్లలు దిద్దే అక్షరాలు తను ఎలా ఉండాలనుకుందో అలాగే ఉంటాయి. ఒరిగిన 'ళ', గాలిలో తలకట్టు మాత్రం సరిచేయం. అచ్చుతప్పు గారూ, పెద్దవారు, మీ మాట కాదన్నానని అనుకోకండి. వణికిన కాగితాలు స్కాన్లుగా దాచి వాళ్ళమ్మాయికి ఇస్తాం, ఆమె ఇష్టం.

అచ్చుతప్పు | ఆదివారం సాయంత్రం 5:00

ఏమీ అనుకోనమ్మా. ఒరిగిన 'ళ'ని ఒప్పుకున్నాను. కానీ ఫైలు విడుదలకి ముందు పరీక్ష పేజీ నాకు పంపండి. రాష్ట్రం, జ్యోత్స్న, వైశిష్ట్యం, స్త్రీ, అన్నీ నేను చూస్తాను. 'సాఫ్ట్‌వేర్' కూడా కొట్టి చూడండి. ట పొల్లు దగ్గర ఆగాలి, వ కిందికి జారి వత్తు కాకూడదు.

మేడమీది పిల్ల | మంగళవారం రాత్రి 11:15

దొరికింది!! అందరూ లేచి ఉన్నారా?

మా అమ్మ నా పాత సర్టిఫికెట్ల ఫైలు తీసింది. రెండో తరగతిలో బళ్ళో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి నేను అట్టకత్తితో వెళ్ళాను. స్టేజి మీద చెప్పాల్సిన నాలుగు మాటలు టీచరక్క చిన్న చీటీ మీద రాసిచ్చింది. మడతలు పడి ఉంది, ఒక మూల కాటుక మరక ఉంది. అయినా స్పష్టంగా ఉంది:

"నేను ఝాన్సీ లక్ష్మీబాయిని. గుఱ్ఱమెక్కి వచ్చాను. నాకు భయం లేదు."

ఝ ఉంది. క్ష్మ ఉంది. గుర్రానికి పాతకాలం బండి ఱ, దాని కింద ఱ వత్తు కూడా ఉన్నాయి. అప్పుడు మా తమిళ మిస్ అడిగింది, ఇదేం అక్షరమే, మా 'ற'లా పలుకుతావే అని. నేను గర్వంగా చెప్పాను, మాకూ ఉంది అని.

వలపలగిలక | మంగళవారం రాత్రి 11:22

లేచే ఉన్నాను. మూడూ ఒక్క చీటీలో! ఉదయం ఆఫీసుకి వెళ్ళే ముందు మీ ఇంటికి వస్తాను, స్కానర్ బండి మీద పెట్టుకుని. అడ్రసు విడిగా పంపండి. లామినేషన్ మాత్రం చేయించకండి, దయచేసి.

రాయపేట డీటీపీ | గురువారం రాత్రి 9:30

పేరు సంగతి. తన పేరే పెడదామనుకున్నాం. వాళ్ళమ్మాయి వద్దంది. "అమ్మ పేరు ఫాంటు లిస్టులో వెతుక్కుని మౌసుతో నొక్కడం నావల్ల కాదు పిన్నీ" అంది. నాకూ నిజమే అనిపించింది. 'మేడబడి' అని పెడుతున్నాం.

అచ్చుతప్పు గారు పరీక్ష పేజీలో పదకొండు తప్పులు పట్టారు. 'మళ్ళీ'లో ళ వత్తు కింది వరస గుడికి తగులుతోంది. వరసల మధ్య ఎడం పెంచాం. వత్తులకి కింద ఇల్లు.

ఈ ఆదివారం ఉదయం పదింటికి మేడ మీద మొదటి కాగితాలు పిల్లలకి ఇస్తున్నాం. వీలైనవాళ్ళు రండి. ఏ4 బొత్తులు రెండు నేను తెస్తాను. ఎర్ర వత్తులు రంగులోనే ప్రింట్ తీయించాను. మేడ మీద గాలి ఎక్కువ, కాగితాలు ఎగరకుండా ఎవరైనా క్లిప్పులు తెస్తే బాగుంటుంది.

మేడ ఇంటాయన | గురువారం రాత్రి 9:58

క్లిప్పులు తేవద్దు. దండేనికి తను పెట్టినవి అలాగే ఉన్నాయి.